ముందురోజే జరిగిపోయిన సభ

భీమవరంలో ఏ సభ జరిగినా దాన్ని అందరికంటే ముందు చూసేవాడు సత్తిబాబు. ఎంత ముందంటే, షామియానా గుంజలు ఇంకా బండి మీదే ఉండగా. పొద్దున్నే కాఫీ తాగి, తెల్లకాగితాల మధ్య కార్బను పెట్టుకుని, "ఆదివారం సాయంత్రం స్థానిక కళ్యాణ మండపంలో జరిగిన సన్మాన సభ ఆద్యంతం కన్నులపండువగా సాగింది" అని మొదలుపెట్టేవాడు. అప్పటికి ఆదివారం ఇంకా టిఫిను వేళే. సన్మానం చేయించుకోవలసిన పెద్దమనిషి ఇంట్లో గెడ్డం గీసుకుంటూ ఉండేవాడు. సత్తిబాబు కాగితం మీద మాత్రం ఆయన గద్గద స్వరంతో కృతజ్ఞతలు చెప్పేసి, శాలువా మడతపెట్టుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు.

ఇదేదో మోసం అనుకునేరు. కాదు. పత్రికల జిల్లా పేజీలు చీకటి పడకముందే కట్టేస్తారు. మనవాళ్ల సభలేమో సాయంత్రం అని కార్డులో వేసి, భోజనాల వేళకి మొదలవుతాయి. అందుకని ప్రెస్‌నోటు మధ్యాహ్నానికే విలేకరుల చేతికి చేరాలి. ఊరూరా అందరూ చేసే పనే అది. అతిథి రాకపోతే ఫోను చేసి "ఆ పేరు కొట్టెయ్యండి బాబూ" అంటే వాళ్లు కొట్టేసేవారు. వాన పడి సభే ఆగిపోతే సత్తిబాబు సైకిలు మీద తడుస్తూ వెళ్లి కాగితం వెనక్కి తెచ్చుకునేవాడు. రాసినదానికీ అచ్చయ్యేదానికీ మధ్య ఒక పూట ఉండేది. సత్తిబాబు నిజాయితీ అంతా ఆ పూటలోనే ఉండేది.

అతను పుట్టింది పెనుగొండలో, కిరాణా వ్యాపారం చేసుకునే ఇంట్లో. తండ్రి కొట్లో కూర్చోబెడితే, బెల్లం పొట్లం కట్టడానికి తీసిన పాత పేపరు ముక్క చదువుకుంటూ ఉండిపోయేవాడు. బేరానికొచ్చినవాడు నిలబడి నిలబడి పక్కకొట్టుకి పోయేవాడు. "వీడు పొట్లం కట్టడు, పొట్లం చదువుతాడు" అని తండ్రి తలకొట్టుకుని, కూతురు పాపాయిని పిలిచి తక్కెడ ఆమె చేతికిచ్చాడు. పాపాయి పెళ్లయ్యాక భీమవరానికి దగ్గర్లోని తాటికుదురు వెళ్లి, అక్కడ మొగుడి చేత కొట్టు పెట్టించింది. మొగుడు పోయాక ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. సత్తిబాబు మాత్రం కొన్నాళ్లు ఒక పత్రికకి విలేకరిగా ఊళ్లు తిరిగి, చెప్పులరిగాక, జగన్నాథరాజుగారి రొయ్యల కంపెనీలో కుదురుకున్నాడు.

రాజుగారికి చెరువులున్నాయి, మేత ఫ్యాక్టరీ ఉంది, రొయ్యల్ని ఒలిచి గడ్డకట్టించి విదేశాలకు పంపే ప్లాంటు ఉంది. మాటమీద నిలబడే మనిషని పేరూ ఉంది. ఆ పేరులో కొంత సత్తిబాబు రాసినదే. రాజుగారు ఎక్కడ రిబ్బను కత్తిరించినా ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడినట్టు పేపర్లో రావాలో అతనే రాసేవాడు. అతని కార్డు మీద పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసర్ అని ఉండేది. ప్లాంటులో పనిచేసే ఆడవాళ్లు మాత్రం పేపరు సత్తిబాబుగారు అనేవారు. అతనికి రెండోదే బాగుండేది.

రెండువేల ఆరు ప్రాంతంలో రాజుగారి అమ్మాయి కీర్తిప్రియ హైదరాబాదులో ఎంబీఏ ముగించుకుని ఆఫీసులో కూర్చుంది. చురుకైన పిల్ల. మంచి పిల్ల కూడా, ఆ మాట చెప్పుకోవాలి. వచ్చిన వారంలోనే సత్తిబాబు ప్రెస్‌నోట్ల ఫైలు తిరగేసి పక్కన పెట్టింది.

"అంకుల్, ఏమీ అనుకోకండి. ఇవన్నీ జిల్లా పేపర్లో వస్తాయి, మర్నాడు పకోడీలకి పోతాయి. జపాన్ వాళ్లు, బెల్జియం వాళ్లు ఇంటర్నెట్లో మన కంపెనీ పేరు కొట్టి చూస్తున్నారండి. ఏమీ కనపడట్లేదు. మనకో బ్లాగు కావాలి. నాన్నగారు స్వయంగా రాస్తున్నట్టు ఉండాలి."

"ఆయన రాయరు కదమ్మా."

"అందుకే కదండీ మీరున్నది."

సత్తిబాబు యాభైకి దగ్గరపడుతున్నాడు. కంప్యూటరంటే అతనికి పెళ్లిలో కొత్త వియ్యంకుడితో మాట్లాడినంత మొహమాటం. అయినా కాదంటే ఇంటికి పొమ్మంటారేమోనని భయపడి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్లాడు. అక్కడో హోటల్లో, ప్రచారం పనులు చేసే ఉద్యోగులకి శిక్షణ. అంతా కంపెనీల వాళ్లు, టైలు కట్టుకున్నవాళ్లు. బ్లాగులన్నారు, పాడ్‌కాస్టులన్నారు, మన పేరు ఎవరు ఎక్కడ తలుచుకున్నా మనకి కబురందించే అలర్టులన్నారు. చందా కట్టనక్కర్లేని చందాదారులుంటారట, మనం ఏది రాసినా వాళ్ల మెయిలుకి దానంతటదే వెళ్లిపోతుందట. సత్తిబాబు ముత్యాల్లాంటి అక్షరాలతో అన్నీ రాసుకున్నాడు.

చివర్లో పాఠం చెప్పినాయన గొంతు పెంచి ఒక మాటన్నాడు. "ఇంక మీకూ జనానికీ మధ్య ఎడిటరు లేడు, డెస్కు లేదు, అచ్చుయంత్రం లేదు. మీరు బటన్ నొక్కిన క్షణంలో లోకం చదివేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. పెట్టిన పోస్టు తియ్యకండి. తీస్తే పరువు పోతుంది." హాలంతా చప్పట్లు కొట్టింది. సత్తిబాబుని ఇన్నేళ్లూ కాపాడుకొచ్చిన పూట ఆ మాటతో పోయింది. అది తెలియక అతనూ అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

బ్లాగు మొదలైంది. రాజుగారి ఫోటో, కింద తెలుగులో సత్తిబాబు రాత, దాని కింద కీర్తిప్రియ ఇంగ్లీషు. మొదట్లో సగం కంప్యూటర్లలో అక్షరాల బదులు డబ్బాలు కనిపించి తల ప్రాణం తోకకొచ్చింది. అదీ సర్దుకుంది. చిన్నప్పుడు చేపలు పట్టడం గురించి, గోదావరికి కొత్తనీరు రావడం గురించి, రొయ్యకి జబ్బు చేసినప్పుడు రైతు పడే బాధ గురించి సత్తిబాబు రాజుగారై రాశాడు. జనం కింద వ్యాఖ్యలు పెట్టేవారు. "మీవంటి యజమానులు అరుదు" అని ఎక్కడో బెంగళూరు నుంచి ఒకాయన రాస్తే సత్తిబాబు దాన్ని ప్రింటు తీసి రాజుగారికి చూపించాడు.

రాజుగారు కారెక్కబోతూ చదివి మురిసిపోయారు. "అచ్చం నేను మాట్లాడినట్టే ఉందయ్యా సత్తిబాబూ. నేనెప్పుడూ ఇంత బాగా మాట్లాడలేదనుకో!"

ఆ వేసవిలో పాపాయి ఫోను చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, నీళ్లు నోట్లో పెట్టుకోలేకపోతున్నాంరా. అన్నం వారుస్తుంటే నీచుకంపు. పిల్లల ఒళ్లంతా దద్దుర్లు. ఒకసారి వచ్చి చూసిపో."

సత్తిబాబు వెళ్లి చూశాడు. తాటికుదురులో తాగడానికి ఉన్నది ఒక్క మంచినీళ్ల చెరువు. పొలాలకి పారే పిల్లకాలువ, అదే పంటబోదె, దాన్ని నింపుతుంది. వేసవిలో గోదావరి కాలువలు కట్టేస్తారు కాబట్టి, కట్టేసే ముందు ఊళ్లన్నీ చెరువులు నింపుకుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎగువన రాజుగారి రొయ్యల చెరువుల్లో పట్టుబడి అయింది. రొయ్యలు పట్టేశాక అడుగున మిగిలిన నల్లటి నీళ్లు అదే బోదెలోకి వదిలారు. వేసవంతా ఊరు తాగవలసిన నీళ్లు అవి. పాపాయి గ్లాసుతో ముంచి ఇస్తే సత్తిబాబు వాసన చూసి పక్కన పెట్టేశాడు. పక్కన పెట్టే వీలు అతనికుంది.

దీనికి మందు ఒక్కటే. రాజుగారి చెరువుల మురుగుకి వేరే బోదె తవ్వి, దూరంగా ఉన్న పెద్ద డ్రెయిన్లో కలపాలి. పంటబోదె అడుగు నుంచి తూములు వెయ్యాలి కాబట్టి కాలువలు కట్టేసి ఉన్నప్పుడే ఆ పని చెయ్యాలి. నీళ్లు వదిలారంటే మళ్లీ ఏడాది దాకా అంతే. అందుకే పేటలోని లాజరు ఊరినంతా కూడగట్టాడు. వచ్చే సోమవారం మండలాఫీసు ముందు బిందెలతో కూర్చోవాలని, తవ్వే యంత్రం వచ్చేదాకా లేవకూడదని అనుకున్నారు. లాజరు నెమ్మదైన మనిషి, కానీ కూర్చుంటానంటే కూర్చునే రకం.

సత్తిబాబు తిన్నగా రాజుగారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు.

"మీ అక్కగారి ఊరా? ముందే చెప్పొద్దూ!" అన్నారాయన. "చిన్నప్పుడు మేం తాగింది కూడా బోదెనీళ్లేనయ్యా. ఆదివారం రైతుల సదస్సు ఉంది కదా, అందరి ముందూ చెప్పేస్తాను. నా ఖర్చుతో బోదె తవ్విస్తాను. నువ్వు రాసుకో."

రాసుకో అంటే రాజుగారి భాషలో పని మొదలైనట్టే. సత్తిబాబు మనసు తేలికైపోయింది. ఇన్నేళ్లు ఎవరెవరి మాటలో పొగిడి రాశాడు. అతని రాత వల్ల ఒక ఊరికి మేలు జరగబోవడం ఇదే మొదటిసారి. ఆదివారం ఆఫీసు మూసేస్తారు, పైగా కరెంటు ఉంటుందో ఉండదో నమ్మకం లేదు. అందుకని శనివారం మధ్యాహ్నమే కూర్చుని రాశాడు, ఎప్పుడూ రాసే పద్ధతిలోనే. "రైతు సోదరుల సదస్సులో నేనొక మాట ఇచ్చాను. నా చెరువుల మురుగు ఒక్క చుక్క కూడా తాటికుదురు దాహంలో కలవదు. కాలువలకు నీళ్లు వదిలేలోగా వేరే బోదె తవ్వించి తీరతాను. ఈ మాట విని సభలో ఎందరి కళ్లో చెమర్చాయి. నావీ చెమర్చాయి." మళ్లీ చదువుకుంటే అతని కళ్లే చెమర్చాయి. ఆ తడి కళ్లతోనే బటన్ నొక్కాడు.

కీర్తిప్రియ గంటలో దానికి ఇంగ్లీషు చేసింది. "అంకుల్, అద్భుతం" అంది. చందాదారుల మెయిళ్లకి అది అప్పటికే వెళ్లిపోయింది. సాయంత్రానికి తాటికుదురు కుర్రాడెవరో ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి ఊళ్లోకి పట్టుకెళ్లాడు. పంచాయతీ అరుగు మీద చదివి వినిపించారు. పాపాయి ఫోను చేసి ఏడ్చినంత పని చేసింది.

"మా తమ్ముడే రాశాడని అందరికీ చెప్పానురా!"

సత్తిబాబు ఆమెని ఆపబోయాడు. "అక్కా, సభ రేపు కదా."

"తెలుసులేరా, మీరు ముందే రాస్తారని మాకు తెలీదా ఏంటి? రేపు చెప్పేది ఇవాళే రాశావంటే ఇంక ఖాయమైనట్టే కదా. లాజరు సోమవారం వద్దన్నాడు. బిందెలన్నీ ఎవరింటికి వాళ్లు పట్టుకెళ్లిపోయారు."

ఒక్క పూట గడిస్తే అంతా నిజమైపోతుందనుకుంటూ సత్తిబాబు నిద్రపోయాడు.

ఆదివారం రాజుగారు సభకొచ్చారు. కారులో ఆయన పక్కన బావమరిది భీమరాజు కూర్చుని ఉన్నాడు. కొత్త బోదె తవ్వాలంటే భీమరాజు పొలం మీదుగానే పోవాలి. ఆ సంగతి సత్తిబాబుకి తెలుసు, రాజుగారికీ తెలుసు, కానీ మాటిచ్చిన రోజున ఇద్దరూ దాన్ని తలచుకోలేదు. కారు దిగేటప్పుడు భీమరాజు మొహం గంటు పెట్టుకుని ఉంది. రాజుగారు సత్తిబాబు వైపు చూడకుండా మెట్లెక్కేశారు.

రాజుగారు చాలాసేపు మాట్లాడారు. రొయ్య పిల్ల గురించి, మేత గురించి, కరెంటు కోత గురించి మాట్లాడారు. బోదె ఊసు లేదు. వేదిక పక్కన నిలబడ్డ సత్తిబాబు ముందు గొంతు సవరించాడు, తర్వాత కనుబొమలెత్తాడు, చివరికి ఒక చీటీ మీద "తాటికుదురు బోదె" అని రాసి పంపించాడు. రాజుగారు చీటీ చూసి, నాలుగు మడతలు పెట్టి, లాల్చీ జేబులో వేసుకుని, అందరికీ నమస్కారం చెప్పి కూర్చున్నారు.

అప్పుడు హాలు వెనక నుంచి తాటికుదురు వాళ్లు లేచారు. పెద్ద బంతిపూల దండ మోసుకుంటూ లాజరు ముందు, వెనక ఆడవాళ్లు, వాళ్లలో పాపాయి. రాజుగారు ఏమన్నారో ఏమనలేదో వాళ్లు వినలేదు. వెనక స్పీకరు సరిగ్గా పలకడం లేదు, అయినా వాళ్లు చదివే వచ్చారు. చప్పట్లు కొడుతూ వేదికెక్కి దండ వేశారు. రాజుగారు ఒక్క క్షణం తెల్లబోయారు. తర్వాత తలవంచి దండ వేయించుకుని, లాజరు చేతులు పట్టుకున్నారు. ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు. సత్తిబాబు అడ్డం వెళ్లి ఆపుదామా అనుకున్నాడు. అంతమంది సంతోషంగా ఉన్నచోట ఏమని ఆపుతాడు?

మర్నాడు రాజుగారి గదిలోకి వెళ్లి నిలబడ్డాడు.

"ఆ పోస్టు తీసేద్దామండి."

"ఎందుకయ్యా? తీస్తే తప్పు చేసినట్టుంటుంది. ఉండనీ."

"మరి బోదె అండి?"

"చూద్దాం. మా భీమరాజు కొంచెం మొండివాడు. మా ఇంటావిడకి తమ్ముడు. చూద్దాం సత్తిబాబూ." రాజుగారి గొంతులో కోపం లేదు. కోపం వచ్చినా బాగుండేదనిపించింది సత్తిబాబుకి. కోప్పడితే కనీసం ఎదురు చెప్పేవాడు.

కీర్తిప్రియని అడిగితే ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. బెల్జియం వాళ్లు అది చదివి ఉత్తరం రాశారట, పర్యావరణం గురించి ఇంత పట్టించుకునే కంపెనీని చూడలేదని. "నాన్నగారు తప్పకుండా తవ్విస్తారు అంకుల్. మీరెందుకు కంగారు పడతారు? పోస్టు తియ్యకూడదని మీకు ట్రైనింగులోనే చెప్పారు కదండీ." ఆ అమ్మాయి నిజంగానే నమ్ముతోంది. నమ్మేలా రాసింది తనేనని సత్తిబాబుకి తెలుసు.

కొన్నాళ్లు ఆగి, ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచినప్పుడు సత్తిబాబు ధైర్యం చేసి ఆ పోస్టు తీసేశాడు. ఏం లాభం? మెయిళ్లలో అది అలాగే ఉంది. రొయ్యల వ్యాపారం గురించి రాసే ఇంకో రెండు మూడు చోట్ల ఎవరెవరో దాన్ని ఎత్తి పెట్టుకున్నారు. తాటికుదురు పంచాయతీ గోడకి అంటించిన కాగితాన్ని ఎవరు తీస్తారు? సాయంత్రానికి కీర్తిప్రియ చూసి, తన దగ్గరున్న కాపీతో మళ్లీ పెట్టేసింది. మర్నాడు మెత్తగానే చెప్పింది.

"పొరపాటున పోయినట్టుంది అంకుల్. పాస్‌వర్డ్ మార్చానండి. ఇకనుంచి మీరు రాసి నాకివ్వండి, నేను పెడతాను."

సత్తిబాబు పాత స్నేహితులైన విలేకరుల దగ్గరికి వెళ్లాడు. రాజుగారు బోదె తవ్వించడం లేదని చిన్న వార్త వెయ్యమని బతిమాలాడు. వాళ్లు అతనికి టీ ఇప్పించి, పిల్లల చదువుల గురించి అడిగారు. రాజుగారు వాళ్ల పత్రికలకి ప్రకటనలిస్తారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ వెయ్యలేదు. ఇంట్లో చెబితే భార్య, "రాజుగారితో పెట్టుకుంటే ఈ వయసులో మీకు ఉద్యోగం ఎవరిస్తారు?" అంది. అదీ నిజమే.

ఎండలు ముదిరాయి. తాటికుదురు వాళ్లు రోజూ ఎగువకి వెళ్లి చూసొచ్చేవారు. తవ్వే యంత్రం రాలేదు. కాలువలకు నీళ్లు వదిలే రోజు దగ్గరపడుతుంటే లాజరు మళ్లీ కదిలాడు. మునుపటి ఊపు లేదు. సగం మంది రాజుగారు మాటిచ్చారు కదా, తొందరపడితే బాగోదని ఆగిపోయారు. మిగిలిన కొద్దిమందితో అర్జీ పట్టుకుని మండలాఫీసుకి బయల్దేరాడు. "నువ్వూ రారా" అని పాపాయి అడిగింది. సత్తిబాబు ఆఫీసుకి సెలవు పెట్టకుండానే వెళ్లాడు.

అధికారి వాళ్లని కూర్చోమన్నాడు. ఫైలు తెప్పించి, అందులోంచి రెండు కాగితాలు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి బ్లాగు ప్రింటు. రెండోది లాజరు దండ వేస్తున్న ఫోటో.

"ఇది పరిష్కారమైపోయింది కదండీ? కంపెనీ వాళ్లు మాటిచ్చారు, మీరు సన్మానం కూడా చేశారు. మేం పైకి రిపోర్టు పంపేశాం."

"బోదె తవ్వలేదండి," అన్నాడు లాజరు.

"తవ్వుతారు. పెద్దమనిషి పదిమందిలో అన్నమాట కదా!"

సత్తిబాబు లేచి నిలబడ్డాడు.

"ఆయన ఆ మాట అనలేదండి. అది రాసింది నేనేనండి. సభకి ముందురోజే రాశానండి. సభలో ఆయన బోదె మాటే ఎత్తలేదండి."

సభలో ఆ మాటే రాలేదని లాజరు కూడా అప్పుడే విన్నాడు. సత్తిబాబు వైపు తిరిగి చూశాడు. పాపాయి తలెత్తలేదు.

అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. "ముందే రాస్తే ఏమైందండి? ప్రెస్‌నోట్లన్నీ ముందే రాస్తారు. మా ఆఫీసు నుంచి వెళ్లేవీ అలాంటివే. ముందు రాసినంతమాత్రాన సభలో చెప్పలేదని ఎలా అంటాం? చెప్పకపోతే వీళ్లు దండ ఎందుకు వేశారు?" కొంచెం ఆగి, జాలిగానే అడిగాడు. "మీరు రాసింది అబద్ధమని మీరే అంటున్నారు. ఇప్పుడు చెప్పేది నిజమని నేను దేన్ని చూసి నమ్మాలి? రాజుగారి చేత ఒక ముక్క చెప్పించండి, నేనలా అనలేదని. మళ్లీ ఫైలు తెరుస్తాను."

రాజుగారు ఆ ముక్క చెప్పరు. అన్నానని కూడా చెప్పరు. చూద్దాం అంటారు.

బయటికొచ్చాక లాజరు మెట్లమీద ఆగాడు. అతనికి కోపం రాలేదు. అలసిపోయినట్టున్నాడు.

"సత్తిబాబుగారూ, ఆ సోమవారం మేం కూర్చునేవాళ్లమండి. ఊరంతా సిద్ధంగా ఉందప్పుడు. మీరు రాసింది చదివి లేచిపోయాం." అంతే అని సైకిలు ఎక్కి వెళ్లిపోయాడు.

కాలువలకు నీళ్లు వదిలారు. బోదె నిండుగా పారుతోందని విని సత్తిబాబు తాటికుదురు వెళ్లాడు. మంచినీళ్ల చెరువులోకి కొత్తనీరు దూకుతోంది, ఎర్రగా, నురగ కట్టుకుంటూ. ఎగువన మళ్లీ పట్టుబడి అయ్యేదాకా నీళ్లు బాగానే ఉంటాయి. ఆ తర్వాత మళ్లీ మామూలే. ఆడవాళ్లు గట్టుమీద బిందెలతో నిలబడ్డారు. సత్తిబాబుని చూసి ఒకావిడ పక్కకి జరిగింది, పలకరించలేదు.

పాపాయి కొట్లో పప్పు తూస్తోంది. సత్తిబాబు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. దారంతా కూడబలుక్కున్నది ఒక్క ఊపున చెప్పేశాడు.

"అక్కా, నాకొకటి తోచింది. బ్లాగు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చు కూడా లేదు. నా పేరుతో నేనే పెడతాను. బోదె తవ్వలేదని, ఊరు ఇప్పటికీ ఆ నీళ్లే తాగుతోందని, జరిగింది జరిగినట్టు రాస్తాను. ఉద్యోగం పోతే పోయింది. వచ్చే వేసవికైనా తవ్విస్తాను."

పాపాయి తక్కెడ దించింది. పొట్లం కట్టి, దారం చుట్టి, ముడివేసి పక్కన పెట్టింది. అప్పుడు తమ్ముడి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేకపోవడమే అతను తట్టుకోలేకపోయాడు.

"వద్దురా సత్తీ," అంది. "మా ఊరి గురించి నువ్వింకేమీ రాయకు. నువ్వు రాస్తే, ఆ పని అయిపోయిందనుకుంటారురా."